ఎత్తకుండా కదపడం

పక్షవాతం వచ్చిన మనిషిని కర్నూలు పెద్దాసుపత్రి నుంచో, నంద్యాల నుంచో ఆత్మకూరుకు తెచ్చుకునే రోజున ఇంటివాళ్ల చేతికి కొన్ని కాగితాలు, కొన్ని మాత్రల పట్టీలు వస్తాయి. బీపీ మాత్ర ఎప్పుడు వేయాలో చెబుతారు. ముక్కు గొట్టంలో గంజి ఎట్లా పోయాలో చూపిస్తారు. రెండు గంటలకోసారి పక్క తిప్పకపోతే వీపు మీద పుండ్లు పడతాయని గట్టిగా హెచ్చరిస్తారు. ఆ తిప్పే మనిషి ఎవరు, ఆ మనిషి నడుము ఎట్లా ఉంది అన్న ప్రశ్న చాలాసార్లు ఎవరికీ తోచదు.

రెండు గంటలకోసారి అంటే రోజుకు 12 సార్లు. దీనికి పొద్దున పక్కబట్టలు మార్చడం, ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం, తినిపించేందుకు కూర్చోబెట్టడం, జారిపోయిన మనిషిని దిండు మీదికి లాగడం కలపండి. ఆత్మకూరు, వెలుగోడు, కొత్తపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఈ పనంతా సాధారణంగా ఒక్క మనిషి మీదే పడుతుంది. ఆ మనిషి భార్య కావచ్చు, కోడలు కావచ్చు, పెళ్లయినా పుట్టింటికి వచ్చి ఉన్న కూతురు కావచ్చు. కొడుకులు బెంగళూరులోనో హైదరాబాదులోనో పనికి పోయి ఉంటారు. ఆర్నెల్లు తిరిగేసరికి మంచాన పడిన మామ కొంచెం కోలుకుని ఉండొచ్చు. కోడలు మాత్రం నడుము పట్టుకుని గోడ ఆసరాతో లేస్తుంటుంది. అప్పుడు ఆ ఇంట్లో చూసుకోవలసినవాళ్లు ఇద్దరవుతారు.

ఆసుపత్రుల్లో నర్సులకు నడుం నొప్పి ఎంత ఎక్కువో ప్రపంచమంతా లెక్కలు తీసింది, దానికోసం చట్టాలు కూడా చేసింది. ఇంట్లో ఒంటరిగా అదే పని చేసే ఆడవాళ్ల నడుము గురించి తీసిన లెక్క తక్కువ. అందుకే ఇందులోని శాస్త్రం కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

ముందు బరువు సంగతి. 60 కిలోల మనిషిని ఎవరూ అమాంతం ఎత్తరు కదా, కాలో చెయ్యో భుజమో ఎత్తుతారు, అంతే కదా అనుకుంటాం. కానీ ఒక్క కాలి బరువు మొత్తం ఒంటి బరువులో ఆరో వంతు దాకా ఉంటుంది. అంటే 60 కిలోల మనిషి కాలు దాదాపు 10 కిలోలు. తల, మొండెం కలిస్తే 35 కిలోలకు దగ్గర. కాబట్టి వెల్లకిలా పడుకున్నవాళ్లను భుజాలు పట్టి కూర్చోబెట్టినప్పుడల్లా అందులో కొంత మంచం మోసినా, మన మీద పడేది సిమెంటు మూటలో సగానికి దగ్గర. సిమెంటు మూట కదలదు, కుదురుగా ఉంటుంది. మనిషి అట్లా కాదు. మధ్యలో భయపడి బిగుసుకుపోతాడు, ఒక పక్కకు ఒరిగిపోతాడు, మన మెడ పట్టుకుని వేలాడతాడు.

ఇక ఆ బరువు మన నడుములో ఏమవుతుందో చూద్దాం. బండరాయిని గడ్డపారతో లేపేవాళ్లకు ఈ లెక్క చేతుల్లోనే తెలుసు: రాయికి దగ్గరగా ఆనిక పెట్టి, దూరం నుంచి నొక్కితే చిన్న బలంతో పెద్ద రాయి లేస్తుంది. మన నడుములో ఆ అమరిక తలకిందులుగా ఉంది. ఆనిక వెన్నుపూసల మధ్య ఉన్న డిస్కు. దాని వెనక నిలువుగా ఉండే కండరాలు లాగే బలం. ఆ రెంటికీ మధ్య దూరం 5, 6 సెంటీమీటర్లే. చాచిన చేతుల్లోని బరువేమో డిస్కుకు 50 సెంటీమీటర్ల అవతల ఉంటుంది. అంటే మంచం మీదికి వంగి, చేతులు చాచి ఆ 10 కిలోల కాలిని పట్టుకుంటే, నడుము కండరాలు 80 నుంచి 100 కిలోల బలంతో లాగాల్సి వస్తుంది. వంగినప్పుడు మన సొంత ఒంట్లో నడుముకు పైనున్న సగభాగం బరువు కూడా ఇదే లెక్కలో చేరుతుంది. ఇదంతా కలిసి డిస్కును నొక్కుతుంది.

ఇది ఊహ కాదు, కొలిచిన విషయం. స్వీడన్‌కు చెందిన ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960లలో బతికున్న మనుషుల డిస్కులోకి సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచాడు. 1999లో జర్మనీలోని ఉల్మ్‌లో విల్కె బృందం ఒక వాలంటీరు నడుములో చిన్న పరికరం అమర్చి మళ్లీ కొలిచింది. ఊరికే నిలబడినప్పుడు ఒత్తిడి 0.5 మెగాపాస్కల్. పడుకుంటే అందులో ఐదో వంతు. వీపు గుండ్రంగా వంచి 20 కిలోలు ఎత్తితే 2.3. అదే బరువును మోకాళ్లు వంచి ఎత్తితే 1.7. ఎత్తినదాన్ని ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1. ఈ అంకెల్లో మనకు పనికొచ్చేది చివరిదే. మోకాళ్లు వంచడం వల్ల కలిగే లాభం కన్నా బరువును ఒంటికి దగ్గరగా తెచ్చుకోవడం వల్ల కలిగే లాభం ఎక్కువ. కష్టమల్లా ఏమిటంటే, మంచం మీద పడుకున్న మనిషి ఎప్పుడూ మనకు దూరంగానే ఉంటాడు. మధ్యలో మంచం పట్టె అడ్డం.

డిస్కు గురించి మరో సంగతి తెలియాలి. దాని లోపలి మెత్తని భాగంలో నొప్పి తెలిపే నరాలు లేవు. బయటి పొరల్లో మాత్రమే ఉన్నాయి. లోపల పొరలు చిన్నచిన్నగా చీలుతున్నా చాలాకాలం మనకు తెలియదు. నిన్నటిదాకా బాగానే చేశాను, ఈ రోజు తువ్వాలు తీయడానికి వంగితే నడుము పట్టేసింది అంటారు. తువ్వాలు చేసిందేమీ లేదు, నెలల తరబడి మంచం దగ్గర పోగుపడినదే అది.

ఈ పోగుపడే నష్టం అన్ని వేళలా ఒకేలా ఉండదు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. అందుకే పొద్దున లేవగానే మనం సాయంత్రం కన్నా సెంటీమీటరుకు పైగా పొడవుంటాం. ఉబ్బిన డిస్కు వంగడానికి ఒప్పదు. 1987లో ఆడమ్స్, డోలన్, హట్టన్ అనే పరిశోధకులు లెక్కగట్టినదాని ప్రకారం, తెల్లవారగానే ముందుకు వంగినప్పుడు డిస్కు మీద పడే వంపు ఒత్తిడి పగటికన్నా 300 శాతం ఎక్కువ. 1998లో స్నూక్ బృందం దీర్ఘకాలపు నడుం నొప్పి ఉన్నవాళ్లను పొద్దున లేచిన తర్వాత వంగకుండా ఉండమంది. వాళ్లలో నొప్పి తగ్గింది. మన ఇళ్లలో జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. తెల్లవారుజామున లేవగానే కోడలు చేసే మొదటి పని తడిసిన పక్క తీయడం. ఒక అరగంట, వీలైతే గంట నడుము నిటారుగా ఉండే పనులు ముందు చేసుకుంటే, అంటే పొయ్యి దగ్గర నిలబడో అటూఇటూ నడుస్తూనో, ఆ వేళకు డిస్కు రాత్రి పీల్చుకున్న నీరు చాలావరకు దిగుతుంది. తడి బట్ట మార్చడం ఆగదు కాబట్టి దాన్ని రాత్రి పడుకునే ముందే మార్చి, మందపాటి గుడ్డలు వేస్తే తెల్లవారుజామున వంగే అవసరం తగ్గుతుంది.

నడుముకు గడ్డువేళల్లో రెండోది పొలం పని నుంచి వచ్చిన తర్వాత. కేసీ కాలువ కింద వరి నాట్లయినా, మిరపలో పత్తిలో కలుపైనా, గంటల కొద్దీ నడుము వంచే చేయాలి. మెక్‌గిల్, బ్రౌన్ 1992లో 20 నిమిషాల పాటు మనుషులను పూర్తిగా వంగి కూర్చోబెట్టి చూశారు. వెన్నును పట్టి ఉంచే కట్లు సాగిపోయాయి. లేచిన తర్వాత రెండు నిమిషాల్లో సగం మేరకు కుదురుకున్నాయి గానీ, అరగంట దాటినా కొంత సాగుదల మిగిలే ఉంది. అంతసేపు వెన్నుకు ఆసరా తక్కువ. పొద్దంతా కలుపు తీసి, ఆటో దిగి ఇంట్లోకి వచ్చి, చెంబెడు నీళ్లు తాగీ తాగకముందే అత్తను లేపి కూర్చోబెట్టే ఆడమనిషి నడుము సరిగ్గా ఆ బలహీనపు వేళలోనే అత్యంత బరువు మోస్తుంది. ఆ ఒక్క అరగంట ఆగడం, ఆ అరగంటలో నిలబడి వెనక్కి నాలుగైదు సార్లు మెల్లగా వంగడం, కాస్త నడవడం ఏ ఖర్చూ లేని మందు. ఇంట్లోవాళ్లు ఆ అరగంటను బద్ధకంగా చూడకుండా ఉండటం అంతకన్నా ముఖ్యం.

ఇక అందరూ చెప్పే సలహాకు వద్దాం. మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి ఎత్తండి, నడుముకు ఏమీ కాదు. ఈ సలహా తప్పు కాదు గానీ, సరిపోదు. సరిగ్గా ఎత్తడం నేర్పితే నడుం నొప్పులు తగ్గుతాయా అని ప్రపంచంలోని మంచి అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్షలు ఉన్నాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒకటి, 2011లో కాక్రేన్ సంస్థ నుంచి ఒకటి. సలహా, శిక్షణ ఒక్కటే ఇచ్చినచోట నడుం నొప్పి తగ్గిందనడానికి ఆధారం దొరకలేదు. ఎందుకో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో విలియం మరాస్ బృందం 1999లో చేసిన పని చెబుతుంది. వాళ్లు 50 కిలోల బరువున్న, చెప్పినట్టు సహకరించే ఒక స్త్రీని రోగిగా పెట్టుకుని, మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి రకరకాల పద్ధతుల్లో మార్పించి, మోసేవాళ్ల వెన్ను మీద పడే బరువు లెక్కించారు. ఒక్కరు చేసినప్పుడు ప్రమాదం చాలా ఎక్కువ. ఇద్దరు చేసినా, అన్నిటికన్నా సురక్షితమైన పద్ధతిలో చేసినా, ప్రమాదం పోలేదు. మన ఇళ్లలో రోగి 50 కిలోలే ఉండాలని లేదు, సహకరించాలనీ లేదు.

2007లో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థకు చెందిన థామస్ వాటర్స్ దీనికి ఒక హద్దు గీశాడు. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా రోగి బరువులో ఒక మనిషి చేతుల మీద పడే వాటా 16 కిలోలు దాటకూడదు. చేతులు చాచాల్సి వస్తే, ఒళ్లు మెలితిప్పాల్సి వస్తే అది ఇంకా తగ్గుతుంది. ముందు చెప్పిన లెక్క గుర్తుంటే తెలుస్తుంది, 60 కిలోల మనిషిని భుజాలు పట్టి లేపి కూర్చోబెట్టడమే ఈ హద్దును దాటుతుంది. అంటే పద్ధతి ఎంత చక్కగా నేర్చుకున్నా, ఒంటరిగా ఎత్తడం అనేదే నడుము భరించే పని కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో నర్సుల సంఘం 1998లో తెచ్చిన విధానం ఈ మాటనే సూటిగా చెప్పింది: చేతులతో ఎత్తవద్దు. కాలిఫోర్నియా 2011లో ఆసుపత్రులకు ఇట్లాంటి చట్టమే చేసింది. అక్కడ యంత్రాలు ఎత్తుతాయి. మన ఇంట్లో యంత్రం లేదు కాబట్టి ఎత్తక తప్పదు అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. యంత్రం లేనిచోట చేయవలసింది ఎత్తడం మానేసి దొర్లించడం, జార్చడం, రోగి ఒంట్లో మిగిలిన బలాన్ని వాడుకోవడం.

అన్నిటికన్నా ముందు మంచం. నులక మంచం, నవారు మంచం మోకాలికి కొంచెం పైన మాత్రమే ఉంటాయి. పైగా నడుమ పల్లం పడతాయి. ఆ పల్లంలో పడుకున్న మనిషిని పక్కకు తిప్పడమంటే మిట్ట ఎక్కించడమే. కాళ్లవైపు తాడు బిగించినా నాలుగు రోజుల్లో మళ్లీ కుంగుతుంది. నులక మంచం వదలలేని ఇంట్లో దాని మీద గట్టి చెక్క పలక పరిచి, ఆ పైన పరుపు వేస్తే తిప్పే శ్రమ చాలా తగ్గుతుంది. చాప మీద, బొంత మీద నేలన పడుకోబెట్టడం నడుముకు అన్నిటికన్నా చేటు. రోగి కింద పడతాడేమోనన్న భయంతో చాలామంది నేలకే దించుతారు. ఆ భయం నిజమే, అయితే దానికి మందు మంచానికి ఒక పక్క గోడ, రెండో పక్క అడ్డుకర్ర.

మంచం ఎంత ఎత్తుండాలన్నది రోగిని బట్టి ఉంటుంది. అసలు లేవలేని మనిషైతే పరుపు పైభాగం చూసుకునేవాళ్ల తుంటి ఎత్తుకు రావాలి. నాలుగు కోళ్ల కిందా సిమెంటు దిమ్మెలు పెట్టి, కోడు జారకుండా దిమ్మెలో గుంట చేయించాలి. ఊరికే ఇటుకల మీద ఇటుక పేర్చడం వద్దు. సాయంతో లేచి నిలబడగల మనిషైతే అంత ఎత్తు పనికిరాదు. మంచం అంచున కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. అట్లాంటి ఇంట్లో వంగే బదులు ఒక మోకాలు మంచం మీద పెట్టుకుని పనిచేయాలి. ఇంట్లో పెద్దవాళ్ల పక్క మీద కాలు పెట్టడం మర్యాద కాదని సంకోచించేవాళ్లు ఉంటారు. ఆ మోకాలే మనల్ని రోగికి దగ్గర చేస్తుంది, ఆ దగ్గరతనం ఒత్తిడిని ఎంత తగ్గిస్తుందో ఉల్మ్ అంకెల్లో చూశాం.

ఆసుపత్రి మంచం అద్దెకు తెచ్చుకున్న ఇళ్లలో ఇంకో చిక్కు వస్తుంది. తలవైపు మర తిప్పి లేపుతారు, పది నిమిషాల్లో రోగి కాళ్లవైపుకు జారిపోతాడు, మళ్లీ పైకి లాగాలి. ఈ పైకి లాగడమే రోజు మొత్తంలో నడుమును ఎక్కువగా తినేసే పని. మోకాళ్ల వైపు మర ముందు తిప్పి, ఆ తర్వాత తలవైపు లేపితే జారడం చాలావరకు ఆగుతుంది. మామూలు మంచమైతే ముందు మోకాళ్ల కింద దిండు పెట్టి, తర్వాత వీపు వెనక దిండ్లు సర్దాలి.

అయినా జారతారు. అప్పుడు చంకల కింద చేతులు వేసి లాగడం ప్రతి ఇంట్లో చూసేదే. పక్షవాతం వచ్చిన భుజం కీలును కండరాలు గట్టిగా పట్టి ఉంచలేవు. చంకలో లాగితే అది తన చోటు నుంచి జారి, నెలల తరబడి వేధించే నొప్పి మొదలవుతుంది. లాగినప్పుడు వీపు, పిరుదుల చర్మం దుప్పటికి రాసుకుని పుండు పడుతుంది. అంటే ఈ ఒక్క పని ఇద్దరికీ చేటు చేస్తోంది. దీనికి బదులు నున్నటి నైలాను లేదా పాలిస్టరు పాత చీరను రెండు మడతలు వేసి, భుజాల నుంచి తొడల దాకా ఒంటి కింద పరచాలి. నూలు మీద నూలు పట్టుకుంటుంది, నైలాను మీద నైలాను జారుతుంది. పరచడానికి మనిషిని ఎత్తక్కర్లేదు, ఒక పక్కకు తిప్పి సగం దోపి, రెండో పక్కకు తిప్పి మిగతాది లాగితే చాలు. మంచం తలవైపు చదునుగా దించాలి. కాలు ఆడే రోగి మోకాలు మడిచి మడమతో నొక్కుతాడు. మనం తలవైపు నిలబడి, చీర పై మడతను పట్టుకుని, ఒక కాలు ముందు ఒక కాలు వెనక పెట్టి, చేతులతో కాకుండా మన ఒంటి బరువును వెనక కాలి మీదికి మార్చడం ద్వారా లాగుతాం. ఒకటి, రెండు, మూడు అని ఇద్దరూ కలిసి పైకే లెక్కపెట్టాలి. పని అయిన వెంటనే ఆ చీర తీసేయాలి, లేకపోతే మనిషే మంచం మీది నుంచి జారతాడు. ముక్కు గొట్టంలో ఆహారం పోసిన కాసేపటి దాకా తలవైపు దించకూడదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

మంచం కాళ్లవైపు పట్టెకు ఒక గట్టి తాడు కట్టి, దానికి జానెడు ఎడంగా ముడులు వేసి రోగి చేతికి అందేలా ఉంచడం నాకు బాగా నచ్చిన ఉపాయం. ఒక చెయ్యి బలంగా ఉన్నవాళ్లు ముడి తర్వాత ముడి పట్టుకుంటూ తమంతట తామే లేచి కూర్చోగలరు. మనకు తగ్గే బరువు ఒకటైతే, నా పని నేను చేసుకున్నానన్న తృప్తి వాళ్లకు మిగలడం ఇంకొకటి.

పక్కకు తిప్పేటప్పుడు తోయకుండా మన వైపుకు తెచ్చుకోవాలి. మనం ఏ పక్క నిలబడ్డామో దానికి అవతలి మోకాలు మడిచి, అవతలి చెయ్యి ఛాతీ మీదికి తెచ్చి, ఒక అరచెయ్యి భుజం వెనక, ఒకటి తుంటి వెనక పెట్టి, మన బరువు వెనక్కి మార్చితే మనిషి దొర్లుకుంటూ వస్తాడు. మడిచిన మోకాలే సగం పని చేసిపెడుతుంది. పక్షవాతం ఉన్న పక్కకు తిప్పుతుంటే ఆ భుజం ఒంటి కింద నలగకుండా ముందే కొంచెం బయటికి జరపాలి. డైపర్ మార్చేటప్పుడు రెండు కాళ్లూ పట్టి పైకెత్తే అలవాటు పసిపిల్లల దగ్గర నేర్చుకున్నది. పెద్దవాళ్ల దగ్గర అది 20 కిలోల బరువు. పక్కకు తిప్పి మార్చడమే మార్గం. ఒక కాలు ఆడే రోగి ఆ మోకాలు మడిచి, పాదం తొక్కి పిరుదులు కాస్త లేపగలిగితే ఆ మాత్రం ఎత్తు చాలు.

కూర్చోబెట్టడానికీ ఇదే సూత్రం. వెల్లకిలా ఉన్న మనిషిని నేరుగా లేపకూడదు. ముందు పక్కకు తిప్పి, కాళ్లు మంచం అంచు నుంచి కిందికి వేలాడదీయాలి. కిందికి దిగుతున్న కాళ్ల బరువు తల వైపును పైకి లేపుతుంది. బాగున్న చెయ్యి పైన ఉండేలా తిప్పి ఉంటే ఆ చేత్తో పరుపును నొక్కుతూ వాళ్లే సగం లేస్తారు. మన చెయ్యి భుజం వెనక ఆసరాగా ఉంటుంది. లేపిన వెంటనే నిలబెట్టకూడదు. చాలాకాలం పడుకున్నవాళ్లకు బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. రెండు మూడు నిమిషాలు కూర్చుని, కళ్లు తిరగడం లేదని వాళ్ల నోటితో విన్నాకే తర్వాతి పని.

నిలబెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. అందుకే ముందు ఒక పరీక్ష: కూర్చున్నచోట బాగున్న కాలిని మోకాలి దగ్గర చాచి కాసేపు గాలిలో ఉంచగలరా? ఆసరా లేకుండా కూర్చోగలరా? చెప్పింది అర్థం చేసుకుని చేస్తున్నారా? ఈ మూడిట్లో ఏది కాకపోయినా ఒంటరిగా నిలబెట్టే ప్రయత్నం చేయవద్దు. అన్నీ బాగుంటే, కుర్చీని బాగున్న పక్క మంచానికి ఆనించి పెట్టాలి. చక్రాల కుర్చీ అయితే బ్రేకులు వేసి, పాదాల పలకలు పక్కకు తీసేయాలి. రోగి నడుముకు పంచెను నాలుగు మడతల పట్టీగా కట్టి ముడి వేస్తే మనకు పట్టు దొరుకుతుంది. పొట్టకు ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లకు, పొట్టలో గొట్టం ఉన్నవాళ్లకు అది కట్టకూడదు. పిరుదులను మంచం అంచుకు జరిపించి, పాదాలను మోకాళ్లకన్నా కొంచెం వెనక్కి పెట్టించి, తల ముందుకు, ముక్కు కాలివేళ్లను దాటేదాకా వంగమనాలి. తల ముందుకు పోతేనే పిరుదులు లేస్తాయి. నిటారుగా కూర్చున్న మనిషిని లేపితే మొత్తం బరువు మనదే. బలం లేని కాలి మోకాలికి మన రెండు మోకాళ్లు అడ్డం పెట్టాలి, లేకపోతే అది మడత పడుతుంది. వాళ్ల చేతులు మన మెడ చుట్టూ వేయనివ్వకూడదు. నిలబడ్డాక నడుము మెలితిప్పకుండా పాదాలు చిన్నచిన్నగా కదుపుతూ తిరిగి కూర్చోబెట్టాలి.

పడిపోతున్నప్పుడు ఏం చేయాలన్నది ముందే మనసులో నిశ్చయించుకోవాలి, ఆ క్షణంలో ఆలోచన రాదు. పట్టి ఆపాలని చూస్తే ఇద్దరూ పడతారు. బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన ఇళ్లలో తడి పడితే పాదం నిలవదు, స్నానాల గది ముందు మరీనూ. పట్టీని వదలకుండా, ఒక కాలు వెనక్కి వేసి, వాళ్ల ఒళ్లు మన తొడ మీదుగా జారుతూ నేలకు చేరేలా దించాలి. తల తగలకుండా చూడాలి. నేల మీదికి చేరిన మనిషి అప్పటికి ప్రమాదం దాటినట్టే. కంగారుగా ఒంటరిగా లేపబోయి నడుము పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. తల కింద దిండు, ఒంటి మీద దుప్పటి వేసి, నొప్పి ఎక్కడుందో అడిగి, పక్కింటివాళ్లను పిలవాలి. ఒక కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్టు కనిపిస్తే తుంటి ఎముక విరిగి ఉండొచ్చు. అప్పుడు కదపకుండా 108కి ఫోన్ చేయాలి. దెబ్బలు లేవనుకుంటే నలుగురైదుగురు కలిసి బలమైన దుప్పటి అంచులు చుట్టి పట్టి లేపడం మేలు. నల్లమలలోని చెంచు గూడేల వాళ్లు దారి లేనిచోట రోగులను డోలీలో మోసుకొచ్చే పద్ధతిలోనూ ఇదే ఉంది: బరువును పంచుకుంటారు, ఒక్కరు మోయరు.

నడుముకు బెల్టు కట్టుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. మందుల దుకాణాల్లో అది బాగా అమ్ముడుపోతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1994లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ చూసి, నొప్పి లేనివాళ్లకు బెల్టు రక్షణ ఇస్తుందనడానికి ఆధారం లేదంది. 2000లో వేలమంది దుకాణ కార్మికులపై జరిగిన పెద్ద అధ్యయనంలోనూ తేడా కనిపించలేదు. బెల్టు ఉందన్న ధైర్యంతో మోయకూడనిది మోయడం మాత్రం జరుగుతుంది. గర్భిణులైతే బెల్టు ఉన్నా లేకున్నా ఈ పనికి దూరంగా ఉండాలి.

నడుము పట్టేస్తే వారం రోజులు మంచం దిగకూడదన్న నమ్మకం కూడా పాతబడింది. 1986లో డేయో బృందం రెండు రోజుల విశ్రాంతినీ, ఏడు రోజుల విశ్రాంతినీ పోల్చింది. రెండు రోజులు పడుకున్నవాళ్లే తక్కువ రోజులు పని మానారు, కోలుకోవడంలో తేడా లేదు. బరువు పనులు ఆపి, మెల్లగా నడుస్తూ ఉండటమే మంచిది. అయితే కొన్ని గుర్తులుంటే ఒక్క పూట కూడా ఆగకూడదు: మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ తిమ్మిరి, కాలు పట్టు తప్పడం. నడుము కింద నరాల కట్ట నలిగిపోతున్నదనడానికి అవి గుర్తులు. గంటలు గడిచేకొద్దీ ఆ నష్టం శాశ్వతమవుతుంది. మాలిష్‌కూ, కట్టుకూ తిరగకుండా నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి. జ్వరంతో వచ్చే నడుం నొప్పి, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి కూడా వెంటనే చూపించుకోవలసినవే.

ఇంతా చెప్పాక ఒక మాట ఇంట్లోని మిగతావాళ్లకు. ఈ అధ్యాయంలో చెప్పిన ప్రతి పనీ రెండో మనిషి ఉంటే సులువవుతుంది, ఆ రెండో మనిషి రోజంతా ఉండనక్కర్లేదు. బరువైన పనులు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఒకచోట పెట్టుకుంటే చాలు: ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, కుర్చీలోకి మార్చడం. ఆ రెండు అరగంటలకు పక్కింటి అబ్బాయిని పిలుచుకున్నా, కూలికి ఒకరిని పెట్టుకున్నా నడుము మీద పడే భారంలో పెద్దభాగం తప్పుతుంది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే పింఛను 2024లో నెలకు 5,000 నుంచి 15,000 రూపాయలకు పెరిగింది. వైద్యుల ధ్రువపత్రం కావాలి, పునఃపరీక్షలు ఉంటాయి. వస్తున్న ఇళ్లలో ఆ డబ్బు ఎక్కువగా మందులకూ అప్పులకూ పోతుంది, అది అర్థం చేసుకోదగ్గదే. అందులోంచి కొంత మొదటి నెలలోనే మర మంచం అద్దెకూ, పొద్దుటి అరగంట మనిషికీ తీసిపెడితే మేలు. 60 ఏళ్లు దాటిన పేదవాళ్లకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. వాటిని పంచే శిబిరాలు ఎప్పుడు పెడతారో ఊరి సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చిన మొదటి రోజు రోగి కాలూ చెయ్యీ ఆడించి వెళ్లిపోనివ్వకండి. తిప్పడం, కూర్చోబెట్టడం, కుర్చీలోకి మార్చడం మీచేత చేయించమనండి, ఆయన పక్కన నిలబడి చూస్తూ దిద్దాలి. మంచం ఎత్తు ఎంతుండాలో ఆ రోజే కొలిపించుకోండి. రాత్రిపూట తిప్పేది ఎవరో, పగలు తిప్పేది ఎవరో, ఆయన ముందే ఇంటివాళ్లంతా కూర్చుని పంచుకోండి.